లూజ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఎలా చూడాలి, పిల్లల్ని పంపొచ్చా: మీ నాలుగు ప్రశ్నలకి నా సమాధానం

2025 ఫిబ్రవరిలో కెనడాలోని విస్లర్‌లో జరిగిన లూజ్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ వీడియోలు మీ అబ్బాయితో కలిసి చూశానన్నారు. లూజ్ అంటే మంచు ట్రాక్‌లో చిన్న స్లెడ్ (జారుడు బండి) మీద పాదాలు ముందుకి పెట్టి జారే పందెం. అందరూ ఒకేలా వెల్లకిలా పడుకుని జారిపోతున్నారు, తేడా చూస్తే సెకనులో వెయ్యో వంతుల్లో వస్తోంది, ఇందులో నైపుణ్యం ఎక్కడుంది అని మొదటి ప్రశ్న. ఎప్పుడు చూసినా జర్మన్లే ఎందుకు గెలుస్తారని రెండోది. మనవాళ్లు ఎవరూ లేరేం అని మూడోది. మీరుండేది సాల్ట్‌లేక్ సిటీ దగ్గర కాబట్టి పదకొండేళ్ల మీవాడు అక్కడి పార్క్ సిటీ ట్రాక్‌లో నేర్చుకుంటానని పట్టుబట్టాడట, పంపొచ్చా అని నాలుగోది. అసలు ప్రశ్న ఈ నాలుగోదేనని నా అనుమానం. అయినా మొదటిదాన్నించే వస్తాను, ఎందుకంటే అది అర్థమైతే నాలుగోదానికి సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

నా సంగతి రెండు ముక్కల్లో. నేనుండేది జర్మనీలో, డ్రెస్డెన్‌లో. అక్కణ్ణుంచి దక్షిణంగా 40 కిలోమీటర్లు వెళ్తే చెక్ సరిహద్దు పక్కన ఆల్టెన్‌బర్గ్ ట్రాక్ వస్తుంది. చలికాలంలో పోటీలప్పుడు అక్కడ వాలంటీరుగా నిలబడుతుంటాను. పెద్దవాళ్లకి క్లబ్బు పెట్టే శిక్షణలో బాగా కింద ఉండే స్టార్ట్ నుంచి నేనూ జారాను. పోటీదారుణ్ణి కాను, కోచ్‌నీ కాను. కానీ గోడ పక్కన నిలబడి చూసినవాడికి టీవీలో దొరకనివి కొన్ని దొరుకుతాయి.

లూజ్‌లో తప్పు జరిగే చోటు వేరు, అది గడియారంలో కనపడే చోటు వేరు. టీవీ చూసేవాళ్లకి ఇదంతా ఒకేలా అనిపించడానికి అసలు కారణం ఇదే. స్లెడ్‌కి ఇంజిన్ లేదు, పెడల్ లేదు. పైన చేతులతో తోసుకున్నదే సొంత బలం, ఆ తర్వాత అంతా వాలు ఇచ్చేదే. మధ్యలో ఎక్కడైనా కాస్త వేగం పోయిందంటే దాన్ని మళ్లీ సంపాదించే మార్గం లేదు. పోయిన వేగంతోనే మిగతా దూరమంతా వెళ్లాలి. పైన పోయింది అసలైతే, కింద కట్టేది వడ్డీ. నాలుగో మలుపు దగ్గర గోడకి భుజం తగిలితే అక్కడి స్ప్లిట్‌లో (ట్రాక్ మధ్యలో తీసే టైమ్) సెకనులో రెండు వందో వంతులే పోయినట్టు ఉంటుంది. వ్యాఖ్యాత కూడా దాని గురించి మాట్లాడడు. చివరికొచ్చేసరికి అది ఏడో ఎనిమిదో అయి కూర్చుంటుంది. మనకేమో కింద ఏదో తప్పు చేశాడనిపిస్తుంది. కింద ఏ తప్పూ చేసి ఉండడు.

అందుకే చూసేటప్పుడు మొత్తం టైమ్ మీద కాకుండా స్ప్లిట్‌ల మధ్య తేడా మీద కన్నుంచండి. ఆధిక్యంలో ఉన్నవాడికంటే ఎంత వెనకున్నాడన్నది ముఖ్యం కాదు, ఆ వెనకబాటు పెరుగుతోందా, నిలకడగా ఉందా, తగ్గుతోందా అన్నది చూడాలి. స్టార్ట్‌లో వెనకబడి, ప్రతి స్ప్లిట్ దగ్గరా తేడా తగ్గించుకుంటూ వచ్చేవాడు కనిపిస్తే, వాడే ఆ రోజు అందరికంటే బాగా జారుతున్నాడని అర్థం. వాడికి పతకం రాకపోవచ్చు. నాకు మాత్రం అలాంటి పరుగులంటేనే ఇష్టం.

ఇప్పుడు స్టార్ట్. పైన కూర్చుని, రెండు పక్కలా ఉన్న హ్యాండిల్స్ పట్టుకుని, ముందుకీ వెనక్కీ ఊగి, ఒక్కసారిగా లాగి వదులుతారు. ఆ వెంటనే వేళ్ల కొసల దగ్గర చిన్న మేకులున్న గ్లవ్స్‌తో మంచుని మూడు నాలుగు సార్లు వెనక్కి గీరి వెల్లకిలా పడుకుంటారు. కండబలం అక్కరకొచ్చేది ఇక్కడ ఒక్కచోటే. ఎండాకాలమంతా వీళ్లు జిమ్‌లోనూ, మంచు వేసిన స్టార్ట్ ర్యాంపుల మీదా ఈ కొన్ని సెకన్ల కోసమే కష్టపడతారు. మంచి స్టార్ట్ ఉన్నవాడికి ఆ లాభం కింద రెట్టింపో, ట్రాక్‌ని బట్టి ఇంకా ఎక్కువో అవుతుంది. కానీ పడుకునేటప్పుడు స్లెడ్ కాస్త పక్కకి ఊగిందంటే అంత బలమూ వృథా. పడుకునే ఆ ఒక్క క్షణాన్ని స్లో మోషన్‌లో చూడండి. మంచివాళ్ల స్లెడ్ అసలు కదిలినట్టే ఉండదు.

తర్వాత స్టీరింగ్. స్లెడ్ కింద రెండు ఉక్కు రన్నర్లుంటాయి. వాటి ముందు భాగం పైకి వంగి ఉంటుంది, రెండు పిక్కలూ సరిగ్గా అక్కడ ఆనుతాయి. కుడి పిక్కతో లోపలికి నొక్కితే స్లెడ్ ఎడమకి తిరుగుతుంది, ఎడమతో నొక్కితే కుడికి. దానికి తోడు భుజాల బరువు, చేతుల్లో ఉన్న పిడులు. ఇవన్నీ బయటికి కనపడనంత చిన్న కదలికలు. పెద్దగా నొక్కితే స్లెడ్ తిరుగుతుంది నిజమే, కానీ రన్నర్ మంచులోకి దిగి అడ్డంగా గీరుతుంది. వేగం అక్కడే పోతుంది. తలెత్తి చూసినా గాలికి అడ్డమే. అందుకని తల వెనక్కి వాల్చి, పాదాల మీదుగా కనిపించే కాస్త మంచుతోనే సరిపెట్టుకుంటారు. మిగతా ట్రాక్ అంతా బుర్రలో ఉండాలి. పోటీకి ముందు స్టార్ట్ హౌస్ దగ్గర కళ్లు మూసుకుని, తల అటూ ఇటూ ఆడిస్తూ చేతులు తిప్పుకుంటూ నిలబడే మనుషులు కనిపిస్తారు. కొత్తవాళ్లు ప్రార్థన చేస్తున్నారనుకుంటారు. వాళ్లు మనసులో ఒక పరుగు పూర్తి చేస్తున్నారన్నమాట.

అంటే ఎంత తక్కువ చేస్తే అంత మంచిది. మీకు అందరూ ఒకేలా కనపడటానికి కారణమూ అదే. బాగా చేసేవాళ్లు ఏమీ చేయనట్టే ఉంటారు. తేడా టీవీలో కంటే చెవికి బాగా తెలుస్తుంది. ఆల్టెన్‌బర్గ్‌లో క్రైజెల్ అనే పెద్ద గుండ్రటి మలుపు ఉంది. దాని కింద నిలబడితే స్లెడ్ రాకముందే చప్పుడొస్తుంది. శుభ్రమైన పరుగు ఒకే స్థాయిలో గుర్రుమంటూ వెళ్లిపోతుంది. తడబడ్డ పరుగులో ఆ గుర్రు మధ్యలో కరకరమని గీరిన చప్పుడుంటుంది. పెద్ద మలుపులో స్లెడ్ గోడ మీద పైకెక్కుతుంది, దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఆ ఎక్కుడుదిగుళ్లని ఎప్పుడు ఆపాలో, దిగేటప్పుడు బయటికి ఏ కోణంలో వదలాలో తెలియడమే విద్య. ఒక మలుపులోంచి ఆలస్యంగా బయటపడితే తర్వాతి మలుపులోకి తప్పు చోటునుంచి వెళ్తాడు, అక్కణ్ణుంచి ఆ తర్వాతిదానికి ఇంకా తప్పు చోటునుంచి. మూడో మలుపు నాటికి గోడ తగులుతుంది. రీప్లేలో గోడ తగిలిన చోటే చూపిస్తారు. మీరు రెండు మలుపులు వెనక్కి తిప్పి చూడండి.

ఈ మాటకి అతిపెద్ద సాక్ష్యం 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్. ఫీలిక్స్ లోఖ్ అప్పటికే వరసగా రెండు ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచినవాడు. ఒలింపిక్ సింగిల్స్‌లో రెండు రోజుల్లో నాలుగు పరుగులు జరుగుతాయి, అన్నీ కలిపి లెక్క. మూడు పరుగులయ్యాక కూడా అతనే ముందున్నాడు. నాలుగో పరుగులో తొమ్మిదో మలుపు దాటేటప్పుడు స్లెడ్ అడ్డంగా జారింది. పడిపోలేదు, ఆగలేదు. కొద్దిగా జారిందంతే. కిందికొచ్చేసరికి ఐదో స్థానం. పెద్దగా ఎవరూ అంచనా వేయని ఆస్ట్రియా కుర్రాడు డేవిడ్ గ్లైర్షర్ స్వర్ణం కొట్టేశాడు. అమెరికాకి చెందిన క్రిస్ మాజ్డ్‌జర్ రజతం గెలిచాడు, పురుషుల సింగిల్స్‌లో వాళ్ల దేశానికి అదే మొదటి పతకం. లోఖ్ వాళ్ల నాన్న నోర్బెర్ట్ అప్పుడు జర్మన్ జట్టుకి ముఖ్య కోచ్. కొడుకుని ఓదార్చాల్సిన పనీ ఆయనకే పడింది.

వెయ్యో వంతుల సంగతి. పక్కపక్కనే జరిగే బాబ్‌స్లెడ్‌లోనూ, తల ముందుకి పెట్టి బోర్లా జారే స్కెలిటన్‌లోనూ వందో వంతు వరకే లెక్కిస్తారు. అందుకే 2018లో ఇద్దరి బాబ్‌స్లెడ్‌లో కెనడా, జర్మనీ సమానంగా నిలిచి రెండు జట్లూ స్వర్ణం పంచుకున్నాయి. లూజ్‌లోనూ 1972 సప్పోరోలో డబుల్స్ స్వర్ణం ఇటలీ, తూర్పు జర్మనీ జంటలకి అలాగే పంచారు. ఆ తర్వాత వెయ్యో వంతుకి మారారు. 1998 నాగానోలో మహిళల పోటీలో నాలుగు పరుగులూ కలిపి జిల్కే క్రౌస్‌హార్ 3 నిమిషాల 23.779 సెకన్లు, బార్బరా నీడర్న్‌హూబర్ 3 నిమిషాల 23.781 సెకన్లు. తేడా 0.002 సెకను. ఆ వేగంలో ఇది ఆరేడు సెంటీమీటర్ల దూరం, అదీ నాలుగు పరుగులకి కలిపి. ఇది నైపుణ్యమా అదృష్టమా అని మీరడిగితే, ఆ ఒక్క పోటీకి సంబంధించి నేను వాదించను. కానీ ఆ ఇద్దరూ ఏళ్ల తరబడి మిగతా ప్రపంచాన్ని ఓడించి ఆ స్థాయికి వచ్చినవాళ్లు.

ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో సింగిల్స్‌కి నాలుగు కాదు, రెండే పరుగులు. ఇది చిన్న తేడాలా ఉంటుంది కానీ పోటీ స్వభావమే మారిపోతుంది. నాలుగు పరుగుల్లో ఒక చిన్న తప్పుని సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. రెండింటిలో ఉండదు. అందుకని ఒలింపిక్స్‌లో కంటే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఊహించని పేర్లు పైకి రావడానికి అవకాశం ఎక్కువ. 2024 జనవరిలో ఆల్టెన్‌బర్గ్‌లోనే జరిగిన ఛాంపియన్‌షిప్‌లో జర్మన్ మహిళలు సొంత ట్రాక్ మీద సింగిల్స్ టైటిల్‌ని ఆస్ట్రియా అమ్మాయి లీసా షుల్టేకి వదులుకున్నారు. పురుషుల్లో మాక్స్ లాంగెన్‌హాన్ మాత్రం అలాంటి అవకాశం ఇవ్వలేదు. తర్వాతి ఏడాది విస్లర్‌లో కూడా సింగిల్స్ అతనిదే. విస్లర్‌లో మహిళల సింగిల్స్ గెలిచిన యూలియా టౌబిట్స్ వెనక కథ కూడా మీరు తెలుసుకోవాలి. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో మొదటి పరుగు తర్వాత ఆమే ముందుంది. రెండో పరుగులో 13వ మలుపు దగ్గర స్లెడ్ మీంచి పడిపోయింది. మళ్లీ ఎక్కి కిందికైతే వచ్చింది కానీ పతకం ఆశ అక్కడే పోయింది.

మిగతా ఈవెంట్ల గురించి క్లుప్తంగా. డబుల్స్‌లో ఇద్దరు ఒకరిమీదొకరు పడుకుంటారు, పైనున్నవాడికే ట్రాక్ కనిపిస్తుంది. మహిళల డబుల్స్‌కి 2023 ఓబర్‌హోఫ్ ఛాంపియన్‌షిప్‌లో టైటిల్ ఇచ్చారు, ఒలింపిక్స్‌లోకి 2026లో వచ్చింది. టీమ్ రిలేలో ఫినిష్ గీత మీద వేలాడే ప్యాడ్‌ని లేచి చేత్తో కొడితే పైన తర్వాతి స్లెడ్‌కి గేటు తెరుచుకుంటుంది. మీ అబ్బాయికి బాగా నచ్చేది ఇదే అయివుంటుంది. మీరు చూసిన విస్లర్ పోటీలోనే మిక్స్‌డ్ ఈవెంట్లు మొదటిసారి పెట్టారు. అవి సరదాగా ఉన్నాయి, అంతకు మించి నాకేమీ అభిప్రాయం లేదు.

మంచు సంగతి చెప్పకుండా ముందుకి పోలేను, ఎందుకంటే నేను దగ్గర్నుంచి చూసేది అదే. ఆ కాంక్రీటు గొట్టం లోపల శీతలీకరణ పైపులుంటాయి. పైన నీళ్లు చిమ్మి పొరలు పొరలుగా మంచు కట్టించి, మనుషులే దిగి చేత్తో గీకి ఆకారం తెస్తారు. గాలిలో తేమ ఎక్కువుంటే మంచు మీద తెల్లటి నూగు పడుతుంది, అది స్లెడ్‌ని పట్టేస్తుంది. స్లెడ్‌లు వెళ్తున్నకొద్దీ గాడులు పడతాయి. కాబట్టి ఎవరు ఎన్నో నంబరులో దిగారన్నదానికి విలువుంది. వాతావరణం మారుతున్న రోజున పదో నంబరుకీ ముప్పయ్యో నంబరుకీ ట్రాక్ ఒకటే కాదు. స్ప్లిట్‌లు చూసేటప్పుడు ఇదీ గుర్తుపెట్టుకోండి. అందరూ ఒకే చోట నెమ్మదిస్తున్నారంటే అది మనిషి తప్పు కాదు, మంచు.

పరికరం విషయంలో నియమాలు కఠినంగా ఉంటాయి, దానికి చరిత్ర ఉంది. రన్నర్లు వెచ్చగా ఉంటే వేగంగా జారతాయి. 1968లో, గ్రెనోబుల్ ఒలింపిక్స్‌లో, తూర్పు జర్మనీ మహిళలు రన్నర్లు వేడి చేశారని ముగ్గుర్ని పోటీ నుంచి తప్పించారు. అందులో 1964 స్వర్ణ విజేత ఓర్ట్రున్ ఎండర్‌లైన్ కూడా ఉంది. అది పశ్చిమ జర్మన్ల కుట్ర అని తూర్పు జర్మనీ గోలపెట్టింది. స్వర్ణం ఇటలీకి చెందిన ఎరికా లెక్నర్‌కి వెళ్లింది. ఇప్పుడు ప్రతి స్లెడ్ రన్నర్ల ఉష్ణోగ్రతనీ పైన కొలిచి, ఆరుబయట ఉంచిన నమూనా రన్నర్‌తో పోల్చి చూశాకే వదులుతారు. బరువైనవాడికి వాలులో లాభం కాబట్టి, పురుషుల్లో 90 కిలోలకీ, మహిళల్లో 75 కిలోలకీ తక్కువున్నవాళ్లు ఆ తేడాలో కొంత భాగాన్ని సీసం బరువులున్న చొక్కాతో పూడ్చుకోవచ్చు. పూర్తిగా పూడ్చుకోనివ్వరు. చిన్న ఒళ్లున్నవాళ్లకి ఇది ఇంకా కాస్త అన్యాయమేనని నా అభిప్రాయం.

ఇక జర్మన్లు. చాలామంది ఇంజినీరింగ్ అంటారు. అదీ ఉంది. తూర్పు జర్మనీ రోజుల్లో బెర్లిన్‌లో క్రీడా పరికరాల కోసమే పెట్టిన పరిశోధన సంస్థ ఎఫ్‌ఈఎస్ ఇప్పటికీ నడుస్తోంది. కానీ నన్నడిగితే ట్రాక్‌లే మొదటి కారణం, మిగతావన్నీ తర్వాత. ప్రపంచం మొత్తం మీద ఇలాంటి కృత్రిమ మంచు ట్రాక్‌లు ఒకటి రెండు డజన్ల లోపే. ఒక్క జర్మనీలో నాలుగు కట్టారు: క్యోనిగ్‌జే, ఓబర్‌హోఫ్, వింటర్‌బెర్గ్, ఆల్టెన్‌బర్గ్. క్యోనిగ్‌జేలో 1968 నాటిది ప్రపంచంలోనే మొట్టమొదటి శాశ్వత కృత్రిమ మంచు ట్రాక్. 2021 జులైలో వరదా బురదా కొట్టుకొచ్చి దాన్ని ధ్వంసం చేశాయి. అయినా మూడు మిగిలాయి. ఇక్కడ ఏడెనిమిదేళ్ల పిల్లలు బడి అయ్యాక ట్రాక్‌కి వస్తారు, మన ఊళ్లలో పిల్లలు గ్రౌండ్‌కి పోయినట్టే. బాగా ఆడేవాళ్లకి క్రీడా పాఠశాల, పెద్దయ్యాక సైన్యంలోనో పోలీసులోనో ఉద్యోగం. జీతం తీసుకుంటూ శిక్షణ పొందొచ్చు. లూజ్‌లో డబ్బు లేదు, కాబట్టి ఈ ఏర్పాటు లేకపోతే ఇరవై ఏళ్లకే అందరూ మానేస్తారు.

దీని ఫలితం ఎలాంటిదంటే, 1990ల చివర్నుంచి జర్మన్ మహిళలు పెద్ద పోటీల్లో వరసగా 99 గెలిచారు. 2009 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఆ వరసని తెంపింది అమెరికా అమ్మాయి ఎరిన్ హామ్లిన్. ఎక్కడ తెంపింది? లేక్ ప్లాసిడ్‌లో, అంటే తను పెరిగిన ట్రాక్ మీద. 2020లో సోచిలో జరిగితే పురుషుల, మహిళల సింగిల్స్ రెండూ రష్యావాళ్లే గెలిచారు, రోమన్ రెపిలోవ్, ఎకతెరీనా కత్నికోవా. లాత్వియా చిన్న దేశం, కానీ అక్కడ సిగుల్డా ట్రాక్ ఉంది, పతకాలూ ఉన్నాయి. ఎవరి దగ్గర ట్రాక్ ఉందో చూస్తే పతకాల పట్టిక దాదాపు ముందే రాసేయొచ్చు. దీనికి పెద్ద మినహాయింపు ఇటలీకి చెందిన ఆర్మిన్ సోగ్లర్. 1994 నుంచి 2014 దాకా వరసగా ఆరు ఒలింపిక్స్‌లో ఒకే ఈవెంట్‌లో పతకం గెలిచాడు. అలాంటివాడు పుట్టడం ఏర్పాటుతో సాధ్యమయ్యేది కాదు.

ఇదే లెక్కతో మన దేశం సంగతి చూడండి. ఎవరూ లేరన్నది నిజం కాదు. మనాలి దగ్గర వశిష్ఠ్ గ్రామంలో పెరిగిన శివ కేశవన్ ఉన్నాడు. తండ్రి కేరళ, తల్లి ఇటలీ. 1998 నాగానోలో 16 ఏళ్ల వయసులో దిగి 28వ స్థానంలో వచ్చాడు. అక్కణ్ణుంచి 2018 దాకా వరసగా ఆరు ఒలింపిక్స్. దేశంలో ట్రాక్ లేదు కాబట్టి స్లెడ్‌కి చక్రాలు బిగించి హిమాలయాల ఘాట్ రోడ్ల మీద, లారీల మధ్య, గొర్రెల మందల మధ్య సాధన చేశాడు. ఆ వీడియోలు ఇప్పటికీ దొరుకుతాయి, మీవాడికి చూపించకండి. 2014 సోచిలో భారత ఒలింపిక్ సంఘం సస్పెన్షన్‌లో ఉండటంతో దేశం జెండా కింద కాకుండా స్వతంత్ర క్రీడాకారుడిగా దిగాడు. అక్కడే ప్రాక్టీసులో స్లెడ్ మీంచి పడి, జారుతూనే మళ్లీ ఎక్కి కూర్చున్నాడు. ప్రపంచమంతా ఆ క్లిప్ చూసింది. ఆసియా ఛాంపియన్‌గా నాలుగుసార్లు నిలిచాడు. 2017 ఆసియా ఛాంపియన్‌షిప్ ఎక్కడ జరిగిందో తెలుసా? మా ఆల్టెన్‌బర్గ్‌లో. ఆసియా ఛాంపియన్ ఎవరో జర్మనీలో తేల్చుకోవాల్సి వచ్చిందంటే ఆసియాలో ఈ ఆట పరిస్థితి మీకే అర్థమవుతుంది.

ప్యాంగ్‌చాంగ్‌లో శివ 34వ స్థానం. నాలుగో పరుగు మొదటి 20 మందికే కాబట్టి అతని కెరీర్ మూడో పరుగుతో ముగిసింది. ఆ 34ని చూసి నవ్వినవాళ్లని చూశాను. ఇక్కడి పిల్లలు ఒక చలికాలంలో చేసే పరుగులకీ, ఏటా కొన్ని వారాలు అప్పుతెచ్చుకున్న ట్రాక్ మీద చేసే పరుగులకీ తేడా ఎంతుంటుందో తెలిస్తే నవ్వరు. ఇంత తక్కువ సాధనతో ఇరవై ఏళ్లు ఆ స్థాయిలో నిలవడం నా దృష్టిలో చాలా పతకాలకంటే కష్టమైన పని. అతని తర్వాత ఎవరన్న ప్రశ్నకి మాత్రం, ఫెడరేషన్‌ల పనితీరు కంటే ముందు ట్రాక్ అన్న మాటే అడ్డొస్తుంది. అంత ఖర్చు పెట్టి కట్టి ఏటా మంచు కట్టించే స్తోమత ఒలింపిక్స్ జరిపిన ఊళ్లకే ఉండటం లేదు. నాగానో ట్రాక్‌కి 2018 తర్వాత మంచు వేయడం మానేశారు.

ఇప్పుడు మీవాడి సంగతి.

ప్రమాదం గురించి దాచను. 2010 ఫిబ్రవరి 12న, వాంకూవర్ ఒలింపిక్స్ ప్రారంభం రోజునే, విస్లర్‌లో ప్రాక్టీసు చేస్తూ జార్జియా కుర్రాడు నోదార్ కుమారితాష్విలి చనిపోయాడు. 21 ఏళ్లు. చివరి మలుపు దగ్గర గంటకి 140 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో స్లెడ్ మీంచి ఎగిరి, ట్రాక్ బయటి ఇనుప స్తంభానికి తగిలాడు. ఆ తర్వాత అక్కడ గోడ ఎత్తు పెంచారు, పురుషుల స్టార్ట్‌ని మహిళల స్టార్ట్‌కి దించారు, మహిళలదీ డబుల్స్‌దీ ఇంకా కిందికి దించారు. తర్వాత కట్టిన సోచి ట్రాక్‌లో వేగం తగ్గించడానికి మూడు చోట్ల ఎగువకి ఎక్కేలా పెట్టారు. మీరు వీడియోల్లో చూసింది అదే విస్లర్. మీ ఇంట్లో ఎవరో ఒకరు ఇది వెతికి పట్టుకుని మీకు చూపిస్తారు, అందుకే ముందే చెబుతున్నాను.

కానీ పిల్లలు మొదలుపెట్టేది అక్కణ్ణుంచి కాదు. ప్రతి ట్రాక్‌కీ అనేక ఎత్తుల్లో స్టార్ట్‌లుంటాయి. కొత్తవాళ్లని చివరి కొన్ని మలుపులకి ముందు, బాగా కింద వదులుతారు. అక్కడ వాళ్లు స్లెడ్ నిటారుగా నడపగలిగాక ఒక మెట్టు పైకి. ఈ మెట్లు ఎక్కడానికి ఏళ్లు పడుతుంది, పట్టాలి కూడా. పైన చెప్పిన వడ్డీ లెక్క ఇక్కడ పిల్లలకి మేలు చేస్తుంది: వాలు తక్కువైతే తప్పుకి శిక్ష కూడా తక్కువే. కింది స్టార్ట్‌లో సాధారణంగా తగిలేవి మోచేతులకీ చీలమండలకీ దెబ్బలు, నల్లగా కమిలిన భుజాలు. నాకు తగిలినవీ అవే. మెడనొప్పి మాత్రం ఖాయం. మలుపుల్లో తలని లాగే బలానికి మెడ అలవాటుపడాలి, దానికి వేరే కసరత్తులుంటాయి.

మీకున్న అవకాశం మనవాళ్లలో చాలామందికి లేనిది. పార్క్ సిటీ ట్రాక్ 2002 ఒలింపిక్స్‌కి కట్టింది, 2005 ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా అక్కడే జరిగింది. అమెరికా లూజ్ సంఘం 9 నుంచి 13 ఏళ్ల పిల్లల కోసం స్లైడర్ సెర్చ్ అని ఎంపిక శిబిరాలు పెడుతుంది. అందులో మొదట మంచే ఉండదు, చక్రాల స్లెడ్‌తో మామూలు రోడ్డు మీద, కోచ్‌ల ముందు నేర్పిస్తారు. శివ చేసినట్టు లారీల మధ్య కాదు, రోడ్డు మూసేసి. మీవాడి వయసు సరిగ్గా అందులో పడుతుంది. ఇంకో మూడేళ్లు ఆలోచిద్దాం అనుకుంటే దాటిపోతుంది. సొంత స్లెడ్ కొనకండి. క్లబ్బు స్లెడ్, క్లబ్బు హెల్మెట్ చాలు, మొదటి ఏడాది అసలు ఖర్చు మీ పెట్రోలూ పొద్దున్నే లేవడమూ.

వెళ్లినప్పుడు కోచ్‌ని మూడు విషయాలు అడగండి. ఏ స్టార్ట్ నుంచి మొదలుపెడతారు? పైకి మార్చేముందు ఏం చూస్తారు? పడిపోయిన పిల్లాణ్ణి ఆ రోజు మళ్లీ పంపుతారా, పంపితే ఎక్కణ్ణుంచి? మూడోదానికి చెప్పే జవాబుని బట్టి ఆ క్లబ్బు ఎలాంటిదో తెలిసిపోతుంది. మంచి కోచ్ కింది స్టార్ట్‌కి దించి పంపుతాడు, లేదా ఆ రోజుకి చాలంటాడు. ధైర్యం చెప్పి అదే చోటునుంచి మళ్లీ తోసేవాడి దగ్గర వదలకండి.

2034 శీతాకాల ఒలింపిక్స్ మీ యూటా రాష్ట్రానికే ఇచ్చారన్న సంగతి మీవాడికి ఈపాటికే తెలిసే ఉంటుంది, అప్పటికి తనకెన్నేళ్లొస్తాయో లెక్కేసుకునీ ఉంటాడు. దాన్ని గురించి మీరు మాత్రం ఏమీ అనకండి. మొదటి చలికాలం అయ్యాక, పొద్దున ఐదింటికి చలిలో లేవడానికి తనంతట తానే సిద్ధంగా ఉన్నాడో లేదో చూసి, అప్పుడు ఇక్కడే మళ్లీ రాయండి. రెండో ఏడాది సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.